అత్తాకోడళ్ళ సాయంత్రం బడి

నీలావతి ధర్మవరానికి కాపురానికొచ్చి ఏడాదైనా, అత్త ఆదెమ్మ ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగదు. కోపం ఉండి కాదు. ఆదెమ్మకు చిన్న వయసులోనే భర్త పోయాడు. మగ్గం ఆపకుండా, ఎవరి ముందూ చేయి చాపకుండా ఒక్కగానొక్క కొడుకు హనుమంతరాయుణ్ణి పెంచుకొచ్చింది. ఆ పనిలో పడి మాటలు మరిచిపోయిన మనిషి.

అయితే కోడలి విషయంలో ఆమెకొక వెలితి ఉండేది. నీలావతిది పెనుకొండ. తండ్రికి అక్కడ కొండ కింద చిన్న గుడ్డల అంగడి. మగ్గం ముఖం చూడని ఇల్లు. కూతుర్ని ఎనిమిదో తరగతి దాకా చదివించాడే గాని, తెగిన పట్టుపోగు ఎట్లా అతకాలో ఆ పిల్లకు తెలియదు. పోగు తెగినప్పుడల్లా నీలావతి రెండు కొసలూ చెరో చేత పట్టుకుని కూర్చునేది. ఆదెమ్మ తిట్టేది కాదు. వచ్చి, వేళ్ళ మధ్య పోగును ఒక్క మెలి తిప్పి అతికించి, మారు మాట లేకుండా లోపలికి వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేదనిపించేది నీలావతికి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, ఒక మధ్యాహ్నం హనుమంతరాయుడు మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. నీలావతి బెల్లం పొట్లం విప్పి, ఆ కాగితాన్ని నేలమీద చదును చేసి పైకి చదువుతోంది. అచ్చు కనబడితే చాలు, చదవకుండా ఉండలేదు. ఎప్పటిదో పాత వార్త, ఏదో ఊళ్ళో ఏనుగు వీధుల్లోకి వచ్చిందట. మగ్గం చప్పుడు మీదుగా భర్తకు వినిపించాలని గొంతు పెంచి చదువుతుంటే గడప దగ్గర నీడ పడింది.

"ఎవరమ్మా ఆ చదివేది?"

గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు గోవిందరాజులు అయివారు. సాలెవీధి చివరి ప్రైమరీ బడికి ఆయనే హెడ్మాస్టరు, ఆయనే గుమాస్తా, గంట కొట్టేదీ ఆయనే. బడి మానేసిన పిల్లల కోసం ఇల్లిల్లూ తిరగడం ఆయనకు వారానికొకసారి తప్పని పని.

"మా కోడలు" అంది ఆదెమ్మ లోపలి నుంచి వస్తూ. "ఏం అయివారూ, మా ఇంట్లో బడికి పోయేటోళ్ళు ఎవురూ లేరే."

అయివారు అరుగుమీద కూలబడి మంచినీళ్ళు అడిగి తాగాడు. తర్వాత తన గోడు చెప్పుకున్నాడు. మూడు తరగతులు, ఒక్కడే మనిషి. రెండో పంతులు పోస్టు ఖాళీగా పడి ఉంది. రెండో తరగతి పిల్లలు పాఠాన్ని పాటలాగా గొంతెత్తి పాడతారు, పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిట్రా అంటే బిక్కమొహం వేస్తారు.

"ఒకొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించల్ల. నాకు యాడ తీరుతాది ఆదెమ్మక్కా? నీ కోడలు సాయంత్రం బడి వదిలినాక కొంచేపు వచ్చి కూచుంటే ఆ బిడ్డలు ఒడ్డున పడతారు. జీతం ఇయ్యలేను. కుర్చీ గూడా లేదు. చాప ఉండాది."

నీలావతి ఆ పొట్లం కాగితాన్ని మడిచి గుప్పిట్లో పట్టుకుంది. హనుమంతరాయుడు అడ్డపోగు తీసుకుపోయే నాడె ఆపి తల్లివైపు చూశాడు. పెద్దాయన్ని మొహం మీద కాదనలేక ఆదెమ్మ ఒక దారి వెదికింది.

"మా ఇంటి పిల్ల ఒక్కతీ వీధి దాటి పోయేది లేదు అయివారూ. పోతే నేనూ వెంట రావల్ల. నేనొస్తే నూలు కండెలు ఎవరు చుడతారు?"

మాట అక్కడితో తెగిందనుకుంది. అయివారు మాత్రం సంబరంగా లేచాడు. "అట్లయితే ఇద్దరూ రండి. నీకూ ఒక చాప వేయిస్తా. రాట్నం తెచ్చుకో, ఎవరొద్దంటారు?" అని గొడుగు విప్పి, ఆదెమ్మకు బదులు తోచేలోపలే వీధిలో పడ్డాడు.

ఆ వీధిలో ఆదెమ్మ మాటంటే మాటే. కాదు, ఊరికే అన్నానని ఇప్పుడు చెప్పలేదు. మరునాడు సాయంత్రం రాట్నం చంకనెత్తుకుని, ముఖం ముడుచుకుని, కోడలికి ఒక బారెడు ముందు నడుస్తూ బడికి బయల్దేరింది.

బడంటే బండలు పరిచిన కప్పు కింద ఒక పొడుగాటి గది, దాని ముందు వరండా. పిల్లలు చాప మీద వరసగా కూర్చున్నారు. ఆదెమ్మ వరండా రెండో కొసకు పోయి, వాళ్ళకు వీపు పెట్టి, రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. దాని కిర్రుమనే చప్పుడు పాఠం పొడుగునా వినబడుతూనే ఉండేది.

పిల్లల్లో ఇద్దరు నీలావతికి మొదటి రోజే గుర్తుండిపోయారు. ఒకడు కుళ్ళాయప్ప, బండి తోలేవాడి కొడుకు. నోరు గలవాడు. చదవడం రాదు గాని, రాని చోట సొంతంగా ఏదో కల్పించి గడగడా అప్పజెప్పేస్తాడు. రెండోది గౌరి. పొద్దున్నే లేచి బడి గంట కొట్టేదాకా తండ్రి పక్కన మగ్గం మీద కూర్చుని అంచు నాడె అందించే పిల్ల. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి ఉండేవి. ఒక్కొక్క అక్షరమూ దానికి తెలుసు. వాటిని కలపడమే రాదు.

"క... దకు గుడి ఇస్తే ది... లకు గుడి ఇస్తే లి... సున్న..." అని అక్కడిదాకా వచ్చేసరికి మొదటి 'క' మరిచిపోయేది. మళ్ళీ మొదటికి. 'పడవ కదిలింది' అనే రెండు మాటల దగ్గర ఆ పిల్ల వారం రోజులుగా తిరుగుతోంది. నీలావతికి ఓపిక నశించి, పుస్తకం మూసేయమని చెప్పబోతోంది. అప్పుడు వరండా అవతలి కొసన రాట్నం ఆగింది.

"ఏమ్మే పాపా, పొద్దు గూకబోతాండాది. ఆ పడవ కదిలేదుండాదా, లేదా?"

పిల్లలందరూ పక్కున నవ్వారు. గౌరి నవ్వలేదు. పెద్దావిడ నిజంగానే అడిగిందనుకుంది. గబగబా పుస్తకంలోకి వంగి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపి, తలెత్తింది.

"కదిలిందంట అవ్వా!"

"యాడికి?"

"ఉండు, చూసి చెప్తా."

నీలావతి ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఇంతకాలం గౌరి అయివారికి భయపడి చదివింది, తనకు భయపడి చదివింది. పుస్తకంలో ఒక సంగతి ఉందనీ, దాన్ని తెలుసుకుని ఇంకొకరికి చెప్పవచ్చుననీ ఇప్పుడే కనుక్కున్నట్టుంది. ఏటి అవతలికి పోయిందట పడవ. అందులో ఎవరున్నారని అడిగింది ఆదెమ్మ. అది చూడాలంటే ఇంకో వాక్యం చదవాలి. గౌరి చదివింది. ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరేసరికి బాగా చీకటి పడింది.

మరునాడు ఆదెమ్మ రాట్నం వరండా నడుమకు వచ్చింది. ఆ మరుసటి వారానికి చాప అంచుకు చేరింది. వీపు పెట్టి కూర్చోవడం మానేసింది. పాఠ్యపుస్తకం మాత్రం ఆమెకు నచ్చలేదు. "ఆవు పాలిచ్చును, కోడి కూయును. ఇదేం చదువు? ఇవి నాకు తెల్దా? తెలిసిందే చెప్తారేం?" అనేది. పిల్లలు ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, ఆ పుస్తకం రాసింది తామే అయినట్టు.

ఈ మాటలు ఎప్పుడు విన్నాడో హనుమంతరాయుడు, పట్టు నూలు కోసం హిందూపురం పోయినవాడు ఒక కట్ట మోసుకొచ్చి తల్లి ముందు పడేశాడు. బెల్లం మండీ పక్కన ఒక అంగట్లో పొట్లాలు కట్టడానికి పెట్టుకున్న పాత పిల్లల మాసపత్రికలు. కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటికి చివరి పుటలు లేవు. బొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు.

"నాకేల రా ఇవి?"

"నీ బడికి" అన్నాడు హనుమంతరాయుడు, నవ్వు దాచుకుంటూ.

నీ బడి అన్నందుకు ఆదెమ్మ కొడుకుని కసురుకుంది గాని, మరునాడు ఆ కట్టను తనే చంకలో పెట్టుకుని నడిచింది.

అక్కణ్ణుంచి ఆ సాయంత్రాల తీరే మారిపోయింది. కళ్ళు పోయిన తల్లికి మందు తేవడానికి బయల్దేరిన ముగ్గురన్నదమ్ముల కథ ఒకటి అందులో ఉండేది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తలా నాలుగు వాక్యాలు చదవాలి. పెద్దవాడు తమ్ముణ్ణి పాడుబావిలోకి తోసిన చోట ఆదెమ్మ చేతిలోని కండె జారి కిందపడి, పోగంతా చాప మీద చుట్టుకుపోయింది.

"వాడి మొగం మండ! ఒక కడుపున పుట్టి తోసినాడా? తర్వాత ఎవరు మే? చదువు, చదువు!"

తర్వాతి వంతు కుళ్ళాయప్పది. వాడికి వీధిలో గోలీలాట మీద ధ్యాస. వేలు అక్షరాల మీద గబగబా పరుగెత్తించి, "ఆ చిన్నవాడు బావిలో పడి చచ్చిపోయెను. కథ అయిపోయెను" అని పుస్తకం మూశాడు.

ఆదెమ్మ ఆ పుస్తకం లాక్కుని పుట తిప్పింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. బొమ్మ మీద వేలు పెట్టింది. "వాడు చచ్చిపోతే ఈడ గుర్రమెక్కి ఉండేది ఎవరు రా? వీడి మొలకు ఆ ఎర్రగుడ్డే గదా? నీ నోటికి వచ్చింది నాకొద్దబ్బా. ఆడ ఉండేది చెప్పు."

కుళ్ళాయప్ప తల గోక్కుంటూ మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజు వాడు నిజంగా చదివాడు. చెమటలు పట్టాయి. బావిలోకి తాడు దిగిన చోటికి వచ్చేసరికి వాడే గోలీల సంగతి మరిచిపోయి, తన నాలుగు వాక్యాలు అయిపోయినా ఆపలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ, ఎప్పుడూ బారెడు ముందు నడిచే ఆదెమ్మ నడక తగ్గించింది. వీధికి రెండు వైపులా దీపాలు వెలిగించిన ఇళ్ళలో మగ్గాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"ఆ పెద్దోడు మళ్ళా వస్తాడంటావా?" అంది.

నీలావతి ఉలిక్కిపడింది. ఉప్పు, పప్పు, నీళ్ళు గాక ఇంకొక సంగతి అత్త తనను అడగడం అదే మొదలు.

"రేపు చదివితే గదా అత్తా తెలిసేది."

"నువ్వు ముందే చూసింటావు."

"లేదు, చూడలేదు" అంది నీలావతి. నిజానికి కట్ట ఇంటికొచ్చిన రోజే పొయ్యి దగ్గర కూర్చుని కథంతా చదివేసింది.

ఆదెమ్మ ఆగి, ఎవరింటి దీపం వెలుతురులోనో కోడలి ముఖం చూసింది. "అబద్ధమాడేటప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి మే" అంది.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. వీధిలో ఆడవాళ్ళు నవ్వగూడదని ఆదెమ్మే ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆపుకోలేక ఎవరింటి అరుగునో పట్టుకుని నిలబడిపోయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పోగు తెగినప్పుడు, ఆదెమ్మ అతికించి వెళ్ళిపోలేదు. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె వేళ్ళను తన వేళ్ళతో పట్టి మెలి తిప్పించింది. మొదటిసారి ఊడిపోయింది. రెండోసారీ ఊడిపోయింది. "కానీ, మళ్ళా చెయ్యి. గౌరి ఎన్నిసార్లు మొదటికి పోయింది?" అంది ఆదెమ్మ. పోగు నిలిచినప్పుడు మగ్గం గుంతలోంచి హనుమంతరాయుడు చూసీ చూడనట్టు తల వంచుకున్నాడు.

మరుసటి ఏటికి నీలావతి నీళ్ళోసుకుంది. ఏడో నెల రాగానే తండ్రి వచ్చి పురిటికి పెనుకొండ తీసుకుపోయాడు. వెళ్ళే ముందు రోజు పిల్లలు ఆమె చుట్టూ మూగి, ఎప్పుడొస్తావక్కా అని గుచ్చి గుచ్చి అడిగారు. అయివారు దిగులుగా, "నువ్వొచ్చేదాకా ఆపేద్దాంలేమ్మా. ఏం చేస్తాం" అన్నాడు. ఆదెమ్మ పత్రికల కట్ట ఎత్తి చంకలో పెట్టుకుంది.

కార్తీకంలో, కొండ మీద మంచు దిగిన ఒక తెల్లవారుజామున నీలావతికి కొడుకు పుట్టాడు. పుట్టినవాడు గట్టిగా ఏడవలేదు. ఆ పొద్దు గూకకముందే పోయాడు.

అటుపైన నీలావతి మంచం దిగడం మానేసింది. తల్లి తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. హనుమంతరాయుడు వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, తన అరచేతులు చూసుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. తీసుకుపోవడానికి వచ్చిన ప్రతిసారీ నీలావతి ఇప్పుడు కాదంది. అత్త ముఖం ఎట్లా చూడాలో ఆమెకు తెలియలేదు. పక్కవీధి బడిలో పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే లేచి కిటికీ తలుపు వేసుకునేది.

మాఘమాసంలో ఒక రోజు, అన్నాల వేళకు, వీధి గుమ్మంలో అలికిడైంది. నీలావతి తల్లి, "అయ్యో, వదినా!" అనడం వినబడింది. ఆదెమ్మ లోపలికొచ్చింది. కొంగు నిండా రైలు బొగ్గు నుసి. ఆమె చిటికెన వేలు పట్టుకుని గౌరి.

ఆదెమ్మ ఒంటరిగా రైలెక్కిన మనిషి కాదు. ఏ స్టేషనో తెలియక దాటి పోతానని భయం. నీలావతి ఆ ఆశ్చర్యంలోనే లేచి కూర్చుంది.

"ఎట్లొచ్చినావత్తా? ఆయన రాలేదా?"

"వాడికి మగ్గం మీంచి చీర దింపేది ఉండాది. ఈయమ్మి తోడుకొచ్చింది నన్ను" అంది ఆదెమ్మ, గౌరి తల మీద చెయ్యి వేసి.

గౌరి ఛాతీ పొంగించి చెప్పింది. "ప్రతి స్టేషన్లో బోర్డు చదివినా అక్కా. మక్కాజిపల్లి కాడ కష్టమాయె. కకు కావొత్తు, మళ్ళా లకు లావొత్తు. నేను చదివేసరికి బండి కదిలిపోయింది. పెనుకొండ మాత్రం దూరం నుంచే చదివేసినా."

"వొత్తులు నీకెవరు చెప్పినారు?"

"అయివారు పొద్దున బోర్డు మీద రాస్తాండాడు. మాపటికి మేం చాప మీద కూచుని చదువుకుంటాం."

"సాయంత్రం బడి ఆగిపోలేదా? ఎవరు చెప్తాండారు?"

"ఎవరూ చెప్పరు" అంది గౌరి. "అవ్వ వింటాది."

ఆదెమ్మ గోడవైపు చూస్తూ కూర్చుంది, తనను కానట్టు.

భోజనాలయ్యాక నీలావతి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. ఆదెమ్మ ఒడిలోంచి ఒక పత్రిక తీసి గౌరికిచ్చి, "నిన్న నిలబెట్టిన కాడి నుంచి" అంది. గౌరి మంచం పక్కన నేలమీద చతికిలబడి చదవసాగింది. ఒక వర్తకుడి కథ. ఆ పిల్ల గొంతు ఏడాది కింద తడుముకున్నట్టు తడుముకోవడంలేదు. మాటలు ఒకదాని వెంట ఒకటి మెల్లగా, తిన్నగా వస్తున్నాయి. నీలావతి వినకూడదనుకుంటూనే విన్నది. వర్తకుడు ఓడ దిగాడు. రాజుగారికి కానుకగా ఏదో... గౌరి ఆగింది.

"ఆ మాట వదిలేసి పా ముందుకు" అంది ఆదెమ్మ. ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అంది మళ్ళీ, "ఈ అక్షరం చానా చోట్ల తగులుతాండాది. అయివారు ఇంకా ఈ పాఠం కాడికి రాలేదు. మేం ఆడికి పోయినప్పుడంతా చుట్టు తిరిగి పోతాండాం."

"చూపించు" అంది నీలావతి. ఆ మాట తన నోటి నుంచి వచ్చాకే తెలిసింది ఆమెకు. ఇటు తిరిగి, చెయ్యి చాచి పుస్తకం అందుకుంది. "స రాసి, కింద తావొత్తు. దానికే రావొత్తు చుట్టుకుంటాది. మూడూ ఒకేసారి పలకల్ల. వస్త్రం."

"వస్త్రం" అంది గౌరి.

"వస్త్రమంటే బట్టేనా?" అంది ఆదెమ్మ. "నేనేమో ఏ వజ్రమో అనుకుంటి! బట్ట కోసమా ఇన్ని దినాలు చుట్టు తిరిగింది మేము? ఇల్లంతా అదే గదా!"

నీలావతి పెదవులు కొంచెం కదిలాయి. నవ్వు అనడానికి లేదు. పుస్తకం గౌరి చేతికిచ్చి, "చదువు" అంది. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ పడుకుంది. ఎంత దూరం చదివిందో తెలియదు. పురుడైనప్పటి నుంచి రాని నిద్ర, కునుకు కాదు, ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది.

లేచేసరికి పొద్దు వాలి, గదిలో ఎర్రటి వెలుతురు ఉంది. గౌరి ఎక్కడో పెరట్లో ఆడుకుంటోంది. ఆదెమ్మ తల దగ్గరే కూర్చుని ఉంది.

"హనుమంతుకు ముందు నాకిద్దరు పోయినారు" అంది ఆదెమ్మ, ఏ ముందుమాటా లేకుండా. "ఒకడు పురిట్లోనే. ఇంకొకతె అడుగులేసే వయసులో. ఎవురితోనూ చెప్పుకోల్యా. చెప్పుకోవచ్చని గూడా తెల్దు నాకు. మగ్గం మీద కూచుండిపోయినా." నీలావతి మీద దుప్పటి సర్దింది. "నువ్వు అట్ల మూగగా కూచుండద్దు పాపా. ఏడవల్లంటే ఏడువు. నేనుండాను గదా."

నీలావతి అప్పుడు ఏడ్చింది. పురిటి రోజున గూడా అంతగా ఏడవలేదు. అత్త ఒడిలో తల పెట్టుకుని, చీర తడిసిపోయేదాకా ఏడ్చింది. ఆదెమ్మ ఊరుకోమని అనలేదు. వేళ్ళతో ఆమె జుట్టు చిక్కు తీస్తూ కూర్చుంది. గుమ్మం దాకా వచ్చిన గౌరి అక్కడే ఆగి, మళ్ళీ పెరట్లోకి పోయింది.

మరునాడు పొద్దున బండికి ముగ్గురూ బయల్దేరారు. రైల్లో నీలావతి కిటికీ పక్కన కూర్చుంది. మక్కాజిపల్లి స్టేషన్లో గౌరి బండి ఆగక ముందే బోర్డు చదివేసి, అత్తాకోడళ్ళిద్దరి వైపూ గర్వంగా చూసింది.

ఆ తర్వాత ఆ చాప మీద ఎంతమంది కూర్చున్నారో నీలావతి లెక్క పెట్టుకోలేదు. గౌరి, కుళ్ళాయప్ప పెద్ద బడికి పోయారు. వాళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వచ్చారు. వానాకాలంలో బండల కప్పు కారితే అందరూ పుస్తకాలు పొట్టకు అదుముకుని ఆదెమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. హనుమంతరాయుడు మగ్గం ఆపి, గుంత అంచు మీద మోచేతులు ఆనించి కథ వినేవాడు. హిందూపురం పోయినప్పుడల్లా ఒక కట్ట తేవడం మానలేదు. పంతొమ్మిదివందల అరవైలో నీలావతికి కూతురు పుట్టింది. చౌడేశ్వరి అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల నడక నేర్చింది ఆ చాప మీదే. ఇంకా మాటలు రాకముందే పుస్తకం మీద వేలు పెట్టి ఏదో గొణుక్కునేది. ఆదెమ్మ దానికి కూడా శ్రద్ధగా తల ఊపేది.

ఆదెమ్మకు చదువు నేర్పాలని పిల్లలు చాలాసార్లు పట్టుబట్టారు. పలక తెచ్చి ఒడిలో పెట్టేవాళ్ళు. ఆమె నవ్వి పక్కన పెట్టేది. "నేను నేర్చుకుంటే నా పాటికి నేను చదువుకుంటా. మీరు చదివేది ఎవురు వింటారు?" అనేది.

అరవై నాలుగులో బడికి రెండో పంతులు వచ్చాడు. అప్పటికి గోవిందరాజులు అయివారు రిటైరై సొంత ఊరు ఓబులదేవరచెరువు వెళ్ళిపోయాడు, ఆయన చోట వేరే హెడ్మాస్టరు ఉన్నాడు. కొత్త పంతులు ట్రెయినింగు అయిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఇక మీరు శ్రమపడనక్కరలేదమ్మా, మేమే చూసుకుంటామని నీలావతికి నమస్కారం పెట్టి చెప్పాడు. న్యాయమైన మాటే. చాప చుట్టి ఇంటికి తెచ్చుకుంటూ నీలావతి దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి బడివైపు చూసింది. ఆదెమ్మ మాత్రం, "మంచిదే గదా. బిడ్డలకు పంతులొచ్చినాడు" అంది.

కానీ కొన్నాళ్ళకు ఆ పంతులే వెనకబడిన పిల్లల్ని సాయంత్రాలు ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. పోయి ఆదెమ్మవ్వకు చదివి వినిపించి రండి, అదే మీకు ఇంటిపని అని. అప్పటికి ఆదెమ్మ కళ్ళకు పొరలు కమ్మి, రాట్నం ఎక్కడుందో తడుముకునే స్థితికి వచ్చింది. చెవులు మాత్రం పదునుగా ఉండేవి. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చునేది. బడి వదిలిన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చదివిపోయేవాళ్ళు. నీలావతి లోపల అన్నం వారుస్తూ, ఆ చిన్న గొంతులూ, మధ్య మధ్య అత్త ప్రశ్నలూ వినేది. తన జీవితంలో అవి బాగున్న రోజులని ఆమెకు అప్పుడే తెలుసు. పోయాక తెలుసుకున్నది కాదు.

అరవై ఏడు వేసవిలో ఆదెమ్మ వెళ్ళిపోయింది. జబ్బుపడి మంచంలో ఉన్నది నాలుగు రోజులే. పెళ్ళై హిందూపురంలో ఉంటున్న గౌరి వచ్చింది. చిన్నపిల్లలా ఏడ్చింది. దినాలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఇల్లు బోసిగా అయింది.

సెలవులైపోయి బడి తెరిచిన వారం, ఒక సాయంత్రం అరుగు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. సెలవుల ముందు బడిలో కొత్తగా చేరిన పిల్ల, యల్లక్క. వేసవంతా చెన్నేకొత్తపల్లిలో వాళ్ళ అవ్వ ఊళ్ళో ఉండి వచ్చింది. ఏ సంగతీ తెలియదు. చేతిలో పుస్తకం, వేలు పుట మధ్యలో.

"అవ్వ యాడ?" అంది.

"అవ్వ లేదు పాపా. పోయింది" అంది నీలావతి.

ఆ పిల్ల పుస్తకం వైపు, ఖాళీ స్తంభం వైపు చూసింది. "మరి నేను ఎవరికి చదవల్ల?"

నీలావతి చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చౌడేశ్వరి కూడా ఆడుకునేది వదిలేసి వచ్చి ఆమె మోకాలి మీద గడ్డం ఆనించుకుంది. వాన పాఠం మొదలైంది. యల్లక్క మొదటి మాటలోనే ఒక దీర్ఘం మింగేసింది. ఒకప్పుడైతే నీలావతి అక్కడే ఆపి దిద్దేది. ఇప్పుడు ఆపలేదు. వాన ఎక్కడ పడిందో, ఎవరు తడిశారో తెలుసుకోవాలని ఉన్నట్టు ముందుకు వంగి వినసాగింది.